కరెంటు పోతే 37 లీటర్లు

మా షడ్డకుడి ఇంట్లో మూడు సంపులున్నాయి. మొదటిది అందరి ఇళ్ళలో ఉండేదే. గేటు పక్కన నేలలో, పైన ఇనుప మూత. గోదావరి నీళ్ళో, అవి రాని రోజు ట్యాంకర్ నీళ్ళో అందులో పడతాయి. రెండోది సెల్లార్‌లో ఓ మూల రెండడుగుల గుంట. వానాకాలం గోడల్లోంచి ఊరే నీళ్ళు అందులో చేరితే చిన్న మోటారు తోడి బయట పోస్తుంది. మూడోది ఈమధ్యే వచ్చింది. మెట్ల కింద, ఇటుక దిమ్మె మీద నాలుగడుగుల గాజు తొట్టి. అందులో ఉన్నది సముద్రం. శామీర్‌పేట చెరువుకు కూతవేటు దూరంలో, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన, బాపట్ల సూర్యలంక బీచికి మూడు వందల కిలోమీటర్ల ఇవతల.

హాల్లో రీఫ్ అక్వేరియం, దాని కింద సెల్లార్‌లో సంపు. పైన మెత్తటి పగడాలు, రెండు క్లౌన్ చేపలు, చూడచక్కని నీలి వెలుతురు. కింద స్కిమ్మర్, హీటర్, పంపు, వైర్లు, అంటే ఇంటికొచ్చినవాళ్ళకు చూపించడానికి ఇష్టపడని సామానంతా. తెలంగాణ మాటలో 'సంపు'కు ఇంకో అర్థం కూడా ఉందని తెలుసుగా? లెక్క తప్పితే ఆ అర్థమే ఖాయమవుతుంది, అందుకే పైపు ముక్క కోయకముందే కాగితం పెన్నూ తీయమన్నాను. నాకు పాతికేళ్ళుగా పంపులతోనే పని. చేపల గురించి తెలిసింది తక్కువ, నీళ్ళ గురించి కొంచెం ఎక్కువ.

సంపు, మోటారు, మిద్దె మీద ట్యాంకు అంటే హైదరాబాద్ చుట్టుపక్కల ఎవరికీ కొత్త కాదు. కానీ మిద్దె మీది ట్యాంకుకు ఎక్కిన నీళ్ళు కుళాయి తిప్పితేగాని దిగవు. ఇక్కడ ఎక్కిన ప్రతి లీటరూ వెంటనే దిగుతుంది, దిగింది మళ్ళీ ఎక్కుతుంది, రాత్రీ పగలూ. అలా తిరుగుతున్నంతసేపు ఏ గొడవా ఉండదు. ఆగిన నిమిషం ఏమవుతుందన్నదే అసలు లెక్క. మేడ్చల్ వైపు గాలివాన వస్తే కరెంటు ఎన్నిసార్లు పోతుందో ఆ నిమిషం అన్నిసార్లు వస్తుంది.

ముందు కొలతలు. పైన ట్యాంకు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. సెంటీమీటర్లలో 122, 61, 61. (గాజు మందాన్ని లెక్కలో వదిలేస్తున్నా, పెద్ద తేడా రాదు.) అంచు దాకా నింపితే 454 లీటర్లు. కానీ పైన 4 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి, రాళ్ళూ ఇసుకా, అంచు దాటిన నీళ్ళు పడే ఓవర్‌ఫ్లో డబ్బా కొంత చోటు తింటాయి. మిగిలేవి 380 లీటర్లు. కింద సంపు 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు: 122, 46, 46. అందులో నీళ్ళు 25 సెంటీమీటర్ల మట్టంలో నడుస్తాయి, అంటే 140 లీటర్లు. మొత్తం 520. నీళ్ళు ఎంత ఎక్కువుంటే మన తప్పు అంత పలచబడుతుంది, సంపు పెట్టడానికి సగం కారణం అదే.

ఈ లెక్కలో రెండంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. పైన ట్యాంకులో ఒక సెంటీమీటరు మట్టం అంటే 7.4 లీటర్లు. కింద సంపులో ఒక సెంటీమీటరు అంటే 5.6 లీటర్లు. ఇకముందు వచ్చే తగాదాలన్నీ ఈ రెంటి మధ్యే.

బరువు సంగతి చూద్దాం. నీళ్ళు 390 కిలోలు (ఉప్పునీరు లీటరుకు 1.025 కిలోలు తూగుతుంది), 12 మిల్లీమీటర్ల గాజు 90, రాళ్ళూ ఇసుకా 70, స్టాండు 50. అంతా కలిపి 600 కిలోలు. స్టాండు ఆక్రమించేది ముప్పాతిక చదరపు మీటరు. అంటే చదరపు మీటరుకు 800 కిలోల పైమాటే. ఇళ్ళలో గదుల శ్లాబుకు భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెప్పే వాడుక భారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, సుమారు 200 కిలోలు. నాలుగింతలు! అలాగని వెంటనే శ్లాబు కూలిపోదు, ఆ 200 గది మొత్తానికి వేసే లెక్క. కానీ ట్యాంకును గది నడుమ పెట్టకూడదనీ, బీము మీదుగా గోడ వారన పెట్టాలనీ, ఇల్లు కట్టిన ఇంజినీరుకు ఒకసారి చూపించాలనీ చెప్పడానికి ఆ అంకె చాలు. సంపును కూడా హాల్లోనే స్టాండు కింద పెడితే ఇంకో 190 కిలోలు చేరేది, చదరపు మీటరు బరువు వెయ్యి దాటేది.

తమాషా ఏమిటంటే, సెల్లార్ లేని ఇంట్లో ఈ బెంగే ఉండదు. హాలు నేల మీదే ఉంటుంది. మేడ్చల్ నేల అంటే సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు, దాని మీద 600 కిలోలు ఓ లెక్కా? ఆ బండను బ్రేకర్‌తో పగలగొట్టి, సెల్లార్ తవ్వి, హాలును గాల్లోకి లేపుకున్నవాళ్ళకే ఈ ఇంజినీరు ఖర్చు.

అన్నీ కుదిరాక మా షడ్డకుడు అడిగిన మొదటి ప్రశ్న పంపు గురించే. "నీళ్ళు అవే కిందికొస్తున్నయ్, అవే పైకి పోతున్నయ్. ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కుతది, బాయిల బొక్కెన లెక్క. మోటారుకు బరువేందన్నా?"

ప్రశ్న మంచిదే. రెండు చివర్లూ కలిసి ఉన్న ఒకే పైపులో నీళ్ళు తిరిగితే అతను చెప్పింది నిజం, దిగేది ఎక్కేదాన్ని లాగుతుంది. కానీ ఇక్కడ నీళ్ళు పైన ట్యాంకు అంచు దగ్గర ఓసారి, కింద సంపులో ఓసారి గాలికి బయటపడుతున్నాయి. అక్కడ గొలుసు తెగింది. దిగేటప్పుడు వచ్చిన శక్తంతా చప్పుడుగా, వేడిగా పోతుంది. ఎక్కేటప్పుడు మొత్తం ఎత్తూ మోటారే మోయాలి.

ఆ ఎత్తు ఎంత? హాలు నేలనుంచి ట్యాంకు నీటి మట్టం నాలుగున్నర అడుగులు, సెల్లార్ ఎత్తు పది, కింద సంపు నీటి మట్టం సెల్లార్ నేలకు ఒకటిన్నర అడుగుల పైన. 13 అడుగులు, అంటే 4 మీటర్లు. దీనికి పైపు రాపిడి కలపాలి. ట్యాంకు నీళ్ళు గంటకు అయిదుసార్లు సంపు చుట్టి వస్తే సరిపోతుంది. పదిసార్లు తిరగాలని పాతకాలం వాళ్ళు అనేవారు, ఇప్పుడు పగడాలకు కావలసిన అలల పని ట్యాంకులో పెట్టే వేవ్‌మేకర్లే చూస్తాయి. కాబట్టి గంటకు 2,000 లీటర్లు. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లుండే పైపులో, నాలుగైదు ఎల్బోలతో, ఈ ప్రవాహానికి రాపిడి ఒక్కటే దాదాపు 2 మీటర్ల ఎత్తుకు సమానం. 25 మిల్లీమీటర్లయితే 0.7. 32 అయితే పావు మీటరు. పైపు ధరలో మిగిలేది వందల్లో, పంపు మీద పడేది జన్మంతా. 32 వేశాం.

ఎత్తూ రాపిడీ కలిపి మొత్తం హెడ్ 4.3 మీటర్లు. దుకాణంలో పంపు డబ్బా మీద 'గంటకు 10,000 లీటర్లు, హెడ్ 5 మీటర్లు' అని రాసి ఉంటుంది. ఆ రెండూ ఒకేసారి దొరకవు. 10,000 వచ్చేది ఎత్తు సున్నా అయినప్పుడు. 5 మీటర్ల ఎత్తులో వచ్చేది సున్నా లీటర్లు, నీళ్ళు పైపులో అక్కడిదాకా ఎక్కి నిలబడతాయంతే. బోరు మోటారు కొనేటప్పుడు లోతు చెప్పి, ఆ లోతులో ఎన్ని నీళ్ళు వస్తాయని అడుగుతాం కదా, ఇక్కడా అదే అడగాలి. డబ్బాలోని కాగితంలో గీత గీసి ఉంటుంది, ఆ గీత మీద 4.3 దగ్గర ఏముందో చూడాలి. అక్కడ 2,000 ఇవ్వాలంటే 8 మీటర్ల దాకా ఎత్తగలిగే పంపు అయితే నిశ్చింత.

కరెంటు ఖర్చు. గంటకు 2,000 లీటర్ల ఉప్పునీటిని 4.3 మీటర్లు ఎత్తడానికి అచ్చంగా కావలసింది 24 వాట్లే. చిన్న పంపులు తాగేదాంట్లో మూడో వంతే పనిగా మారుస్తాయనుకుంటే ప్లగ్గు దగ్గర 72 వాట్లు. సంపు స్టాండు కిందే ఉంటే హెడ్ ఒకటిన్నర మీటర్లు, 25 వాట్లతో సరి. తేడా 47 వాట్లు, జీరో బల్బులు నాలుగైనా కాదు కదా అనిపిస్తుంది. ఏడాదికి 8,760 గంటలు: 412 యూనిట్లు. పై స్లాబులో ఉన్న ఇంటికి యూనిట్ 9 రూపాయల లెక్కన 3,700. హాల్లో చప్పుడు లేనందుకు, మెట్ల కింద చోటు దొరికినందుకు కట్టే అద్దె అనుకోవాలి.

దిగే పైపు గురించి కొంచెం. 4 మీటర్ల ఎత్తునుంచి నీళ్ళూ గాలీ కలిసి పడితే గొట్టం గుడగుడమంటుంది, సంపంతా నురుగు. అందుకని మూడు పైపులు దించాం. రీఫ్ పెంచేవాళ్ళు దీన్ని బీన్ యానిమల్ పద్ధతి అంటారు. మొదటిది నిండుగా, గాలి లేకుండా పారే సైఫన్, దాని చివర గేట్ వాల్వు. 40 మిల్లీమీటర్ల ఆ పైపు పూర్తిగా తెరిచి ఉంటే గంటకు పది వేల లీటర్లకు పైనే మింగుతుంది, మనకు కావలసింది రెండు వేలు. అందుకే వాల్వు చాలావరకు మూసే ఉంటుంది. రెండో పైపులో సన్నని ధార. మూడోది పొడిగా ఉంటుంది, మొదటి రెంటిలో నత్త ఇరుక్కున్నరోజు పనికొస్తుంది. ఈ మూడింటికీ, ఎక్కే పైపుకూ శ్లాబులో కోర్ కటింగ్ చేయించాలి. బీములో మాత్రం వేలు పెట్టనివ్వొద్దు. వాల్వులు, క్లాంపులు అన్నీ ప్లాస్టిక్కే. ఇత్తడి, గన్‌మెటల్ వాల్వు నీటికి తగిలితే రాగి కరుగుతుంది, రాగి రొయ్యలనూ పగడాలనూ బతకనివ్వదు.

ఇప్పుడు కరెంటు పోయింది.

పంపు ఆగింది. పైన ఓవర్‌ఫ్లో డబ్బా అంచు పళ్ళ మీదుగా పొర్లుతున్న సెంటీమీటరు మందం నీరు కిందికి జారుతుంది. అక్కడితో ఆగదు. ఎక్కే పైపు మూతి నీళ్ళలో మునిగి ఉంది కదా, ఇప్పుడు అదే వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. మూతి గాలికి బయటపడేదాకా లాగుతూనే ఉంటుంది. కాబట్టి సంపులోకి ఎంత దిగుతుందన్నది పంపు శక్తి మీద కాదు, ఆ మూతి ఎంత లోతులో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది.

మా ప్లంబర్ అలవాటు కొద్దీ మూతిని 15 సెంటీమీటర్ల లోతులో పెట్టాడు. బాగా పారుతుందని, చప్పుడుండదని. లెక్క వేద్దాం. 15 సెంటీమీటర్లు, సెంటీమీటరుకు 7.4 చొప్పున: 112 లీటర్లు. ఓవర్‌ఫ్లో డబ్బాలో 11. దిగే పైపులో 6, ఎక్కే పైపులో 5. మొత్తం 134. కింద సంపులో ఖాళీ ఎంత? ఎత్తు 46, మట్టం 25, మిగిలింది 21 సెంటీమీటర్లు. 5.6 చొప్పున 118 లీటర్లు. తేడా 16. అంటే కరెంటు పోయిన ప్రతిసారీ ఒక బకెట్ సముద్రం సెల్లార్ నేల మీద, స్కూటీ చక్రాల కింద, ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన.

మూతిని 2 సెంటీమీటర్ల లోతుకు లేపాం. 15 లీటర్లు, డబ్బా 11, పైపులు 11. మొత్తం 37. సంపు మట్టం ఆరున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది, అంతే.

ప్లంబర్ ఊరుకోలేదు. "ఎన్నార్వీ ఏస్తే అయిపోతది గద సార్" అన్నాడు. బోరు మోటారుకు వేసే నాన్ రిటర్న్ వాల్వు. బోరు నీళ్ళలో అది పదేళ్ళు పనిచేస్తుంది. ఉప్పునీళ్ళలో దాని పెదవి మీద గవ్వల్లాంటి పురుగు గూళ్ళు కడుతుంది, ఇసుక రేణువొకటి ఇరుక్కుంటుంది, ఆరు నెలలకు సగమే మూసుకుంటుంది. సగం మూసినా చివరికి దిగాల్సినంతా దిగుతుంది, కాస్త నిదానంగా. పైపు మూతి కింద చిన్న కన్నం వేసి గాలి పీల్పించే చిట్కా కూడా ఉంది, దాన్ని పాచి మూసేస్తుంది. మూసుకుపోగలిగేదేదీ లెక్కలో ఉండకూడదన్నది నా పట్టు. మూతి ఎత్తు మూసుకుపోదు కదా.

దీనికి ఎదురు లెక్క ఒకటుంది, చాలామంది మరిచిపోయేది. కరెంటు ఉంది, పంపు నడుస్తోంది, దిగే పైపులన్నీ అడ్డుపడ్డాయి. పంపు కింద ఉన్నవన్నీ పైకి పోసేస్తుంది. ఎన్ని పోస్తుంది? సంపు మొత్తం కాదు, పంపు ఉన్న ఆఖరి గదిలోవి మాత్రమే, అడ్డు గాజులు మిగతావాటిని ఆపుతాయి. ఆ గది 30 సెంటీమీటర్ల పొడవు, 46 వెడల్పు, పంపు నోటికి పైన 20 సెంటీమీటర్ల నీళ్ళు: 28 లీటర్లు. పైన ట్యాంకులో వదిలిన ఖాళీ 4 సెంటీమీటర్లు: 30 లీటర్లు. రెండు లీటర్ల తేడాతో బయటపడ్డాం. అక్వేరియం గాజుపని చేసేవాళ్ళు ఆ గదిని పెద్దది చేస్తామంటారు, పంపుకు బాగుంటుందని. ఒప్పుకోవద్దు. ఇంకో పది సెంటీమీటర్లు పొడిగిస్తే హాల్లో కార్పెట్ తడుస్తుంది.

ఆ గది చిన్నదైతే వేరే చిక్కుంది, నీళ్ళు ఆవిరవడం. ఈ మొత్తంలో గాలికి తెరుచుకుని ఉన్నది 1.3 చదరపు మీటర్లు. పొడి ఎండల్లో రోజుకు 6 లీటర్లు పోతాయనుకుందాం. పైన మట్టం తగ్గదు, ఓవర్‌ఫ్లో పళ్ళు దాన్ని పట్టి ఉంచుతాయి. తగ్గేదంతా ఆ చిన్న గదిలోనే: సెంటీమీటరుకు 1.4 లీటర్లు, రోజుకు నాలుగు సెంటీమీటర్ల పైన. పోసేవాళ్ళు లేకపోతే నాలుగున్నర రోజుల్లో పంపు గాలి పీలుస్తుంది. సంక్రాంతికి ఊరెళ్ళి అయిదో రోజు వచ్చేవాళ్ళు ఈ అంకెను తలుపుకు అంటించుకోవాలి. పోయేది మంచినీరే, ఉప్పు మిగిలిపోతుంది. ఒక రోజుకు లవణీయత 35నుంచి 35.4కు పోతుంది, చేపలు పట్టించుకోవు. మంచినీళ్ళు పోయకుండానే ఎలాగో వారం నెట్టుకొస్తే 38 దాటుతుంది, పగడాలు ముడుచుకుంటాయి. అందుకే పక్కన 50 లీటర్ల డ్రమ్ము, ఫ్లోట్ స్విచ్చి, చిన్న పంపు పెట్టి మంచినీళ్ళు తానే పోసుకునేలా చేశాం. ఎనిమిది రోజులకు భరోసా.

ఆవిరి ఒక్క నష్టమే కాదు. లీటరు నీరు ఆవిరవుతూ సుమారు 0.67 యూనిట్ల వేడిని పట్టుకుపోతుంది. 6 లీటర్లంటే 4 యూనిట్లు. పంపు తాగే 72 వాట్లూ చివరికి నీటిలో వేడిగా చేరేవే, రోజుకు 1.7 యూనిట్లు. అంటే పొడిగాలి రోజుల్లో ఆవిరే చిల్లర్. జులైలో గాలి తడిసిపోయాక ఆ సాయం తగ్గుతుంది. అప్పుడు సెల్లార్ అక్కరకొస్తుంది. నేలలో కొన్ని మీటర్ల లోతున వేడి ఏడాది పొడుగునా ఆ ఊరి సగటు ఉష్ణోగ్రత దగ్గరే నిలకడగా ఉంటుంది. హైదరాబాద్ సగటు 26, 27 డిగ్రీల మధ్య. పగడాలు కోరుకునేది 25 నుంచి 27! ఈ దక్కన్ బండకింద ఉష్ణమండల సముద్రపు వేడి ఉందని ఈ లెక్క వేసేదాకా నాకూ తట్టలేదు. చిల్లర్ కొనేముందు ఒక మే నెలంతా సెల్లార్ గోడకు థర్మామీటర్ తగిలించి చూడమన్నాను. డిసెంబరు చలికి మాత్రం హీటర్ కావాల్సిందే, శామీర్‌పేట తెల్లవారుజాముల సంగతి తెలిసిందే.

నీళ్ళ గురించి చెప్పాలంటే, సముద్రంనుంచి తేవడం మాట మరిచిపోవచ్చు. కృష్ణా గోదావరులు సముద్రంలో కలిసే చోట వానల తర్వాత బంగాళాఖాతం పైనీళ్ళే పలచనవుతాయి, పైగా లారీ బాడుగ. ఉప్పు కలుపుకోవడమే దారి. లీటరుకు 38 గ్రాములు, 520 లీటర్లకు 20 కిలోలు. రెండు వారాలకోసారి 50 లీటర్లు మారిస్తే ఏడాదికి మరో 50 కిలోలు. ఆ ఉప్పు కలిపే నీళ్ళలో ఏమీ ఉండకూడదు. బోరు టీడీఎస్ 800 ఉంటే, ఆర్‌వో దాన్ని 40 చేస్తుంది, ఆపైన డీఐ రెజిన్ సున్నాకు తెస్తుంది. వంటింటి ఆర్‌వో దీనికి చాలదు, అది రుచికోసం ఖనిజాలు మళ్ళీ కలుపుతుంది. రెండు వారాలకు మార్చేవీ ఆవిరయ్యేవీ కలిపి 134 లీటర్ల శుద్ధజలానికి 400 లీటర్ల దాకా వృథా నీరు వస్తుంది. అది మొదటి సంపు పక్కన డ్రమ్ములో చేరి బట్టలకూ బండి కడగడానికీ పోతోంది. ఈ ఏర్పాటంతటిలో మా మరదలికి నచ్చింది అదొక్కటే. "బావా, మీ సముద్రం సంగతి నాకు తెల్వదు, నా వాషింగ్ మెషిన్ నల్లా మాత్రం కదపొద్దు" అంది.

సెల్లార్ గాలి గురించి ఎవరూ చెప్పరు. స్కిమ్మర్ అంటే నీటిలో సన్నని గాలి బుడగలు కొట్టి మురికిని నురుగుగా తీసే గొట్టం. ఆ గాలి సెల్లార్‌దే. తలుపులు మూసిన సెల్లార్‌లో బొగ్గుపులుసు వాయువు బయటి 420 పీపీఎం నుంచి వెయ్యికి చేరితే నీటి పీహెచ్ 8.2 నుంచి 7.9కి జారుతుంది. పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే ఆ పొగ కూడా పగడాలకే. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని వెంటిలేటర్‌లోంచి బయటికి లాగాం, మూడు మీటర్ల సన్న పైపు, అయిపోయింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా పెట్టాలి, లేకపోతే రోజూ ఆవిరయ్యే నీటిలో కింద ఎగిరేదంతా గోడలకూ కరెంటు బోర్డులకూ పడుతుంది.

బోర్డంటే గుర్తొచ్చింది. ఉప్పునీరు మామూలు నల్లా నీటికంటే వందరెట్లు ఎక్కువ కరెంటు పారనిస్తుంది. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకుండా ఈ తొట్టిలో చేయి పెట్టొద్దు. ప్రతి వైరూ ప్లగ్గుకు ఎక్కేముందు కిందికి ఒక వంపు తిరగాలి, చుక్క అక్కడే రాలిపోవాలి. ఇక 2020 అక్టోబరు 13 రాత్రి. ఇదే జిల్లాలో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది, నగరమంతా సెల్లార్లు నిండాయి. అందుకే సంపు దిమ్మె మీద, ప్లగ్గులు ఛాతీ ఎత్తులో, రెండో సంపు మోటారుకు ఇన్వర్టర్ లైను.

ఇన్వర్టర్ మీద దేన్ని నడపాలన్నది వేరే లెక్క. 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్‌అవర్లుంటాయి, నిజంగా వాడుకోగలిగేది సగం. 72 వాట్ల పంపుకు పన్నెండు గంటలు, ఇంట్లో ఫ్యాన్లేమీ తిరగకపోతే. కానీ చేపకు అప్పుడు కావలసింది సంపు కాదు, ఊపిరి. 26 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 8.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, సముద్రపు నీటిలో 6.6, మన ఎత్తులో గాలి పలచన కాబట్టి 6.2. ఉన్నదే తక్కువ, నీళ్ళు కదలకపోతే అదీ అడుగంటుతుంది. 10 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటి ఇన్వర్టర్ మీద ఉంటే పంపు ఆగినా చేపలు తెల్లారేదాకా నిలుస్తాయి.

ఇంతకీ అందులో ఏం పెంచుతాం? ఇది ముందే చెప్పాల్సింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో 2001 జులై 11న పగడాలను చేర్చారు: దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు. మొదటి షెడ్యూల్ నేరానికి 3 నుంచి 7 ఏళ్ళ జైలు. మన్నార్ సింధుశాఖ నుంచి వచ్చిందంటూ ఎవరైనా 'లైవ్ రాక్' అమ్మజూపితే అది చచ్చిన పగడమైనా సరే, ముట్టుకోవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, అంతర్జాతీయ సైటిస్ జాబితాల్లోని విదేశీ జీవాలూ నాలుగో షెడ్యూల్లోకొచ్చాయి. వాటిని పెంచుకునేవాళ్ళు పరివేశ్ పోర్టల్లో నమోదు చేసుకోవాలని 2024 ఫిబ్రవరి 28న నిబంధనలిచ్చారు. మేం రాతి పగడం జోలికి పోలేదు. కాల్చిన మట్టితో చేసిన రాళ్ళు, ఆ జాబితాలో పేరు లేని మెత్తటి పగడాలు, జువాంథిడ్లు, బిల్లుతో సహా. క్లౌన్ చేపల్ని హేచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది, సముద్రంలో పట్టినవి కొనాల్సిన పనే లేదు.

ఉప్పు కలపకముందు, చేప రాకముందు, ఉత్త నీళ్ళతో నడిపి చూశాం. ఆదివారం సాయంత్రం. నేను సెల్లార్‌లో, చేతిలో మార్కర్. మా షడ్డకుడు పైన మెయిన్ స్విచ్చి దగ్గర. సంపు గాజు మీద నీటి మట్టానికి ఓ గీత గీసి "తియ్యి తమ్మీ" అని అరిచాను.

ఫ్యాన్లు ఆగాయి. పంపు ఆగింది. దిగే పైపు ఒక నిమిషం గటగటా తాగి, చివర్లో గొంతు సవరించుకున్నట్టు ఓ శబ్దం చేసి మూగబోయింది. ఎక్కే పైపు ఇంకొంచెంసేపు వెనక్కి పోసింది. ఫోన్ వెలుతురులో నీటి అంచు గీత మీంచి లేచి, లేచి, ఆగింది. రెండో గీత గీసి స్కేలు పెట్టాను. 7.2 సెంటీమీటర్లు.

ఆరున్నర రావాలి. 40 లీటర్లు దిగాయి, 37 అనుకున్నాం. మూడు లీటర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

పైకెళ్ళి మూతి లోతు కొలిచాం, సరిగ్గా రెండే. డబ్బా కొలిచాం. పైపుల పొడవు మళ్ళీ కూడాం. పావుగంట చీకట్లో తల గోక్కున్నాక మరదలు టార్చి పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. సంపు మూల నిలబడ్డ స్కిమ్మర్ వైపు వెలుతురు తిప్పి, "ఇందాక దీంట్ల మీదిదాంక నీళ్ళుండె గద, ఇప్పుడేమాయె?" అంది.

స్కిమ్మర్ ఖాళీగా ఉంది. 15 సెంటీమీటర్ల అడ్డకొలత, 19 సెంటీమీటర్ల నీటి ఎత్తు: 3.4 లీటర్లు. పంపు ఆగగానే అదీ సంపులోకే దిగింది, కాగితం మీద దాన్ని రాయనే లేదు. గాజు మీద రెండో గీత పక్కన 40 అని రాసి, స్విచ్చి వేయమన్నాను.